సంగమం లేని సంగమేశ్వరుడు

ఈ సంవాదంలోని ఇద్దరూ నేను ఊహించుకున్న మనుషులు. వాళ్ల మధ్య తగవు మాత్రం నా ఊహ కాదు. శ్రీశైలం జలాశయం వెనక నీళ్ల పొడుగునా, అటు నంద్యాల జిల్లాలోనైనా ఇటు నాగర్‌కర్నూలు జిల్లాలోనైనా, ముంపు ఊళ్లవాళ్ల దగ్గర కాసేపు కూర్చుంటే అది వినిపిస్తుంది. మామ ఆ నీళ్లలో మునిగిన ఊరివాడు, అరవై అయిదేళ్లు. మేనకోడలు పాత కట్టడాల పరిరక్షణ చదువుకుని ఆ పనే చేస్తున్న ఇంజనీరు. చోటు అలంపురం. కృష్ణా తుంగభద్రలు కలిసే దగ్గర, కూడవెల్లిలో ఉండిన సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. సాయంత్రం ఎండ తగ్గాక ఆమె ప్రాకారం గోడ చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుని వచ్చింది. ఆయన లోపలికి రాకుండా బయట చెట్టు కింద కూర్చున్నాడు.

మేనకోడలు: లోపలికి రా మామా. ఇంతదూరం వచ్చి బయటే కూర్చుంటావా?

మామ: చూసిన గుడే కదా పాపా. దీన్ని విప్పినోళ్లలో నేనూ ఉన్నాను.

మేనకోడలు: నువ్వా? ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదే!

మామ: ఎవురడిగినారు? నాకప్పుడు ఇరవై ఏండ్లు. కూలికి పోయినాను. పైనుంచి మొదలుపెట్టి ఒక్కొక్క వరస దించుకుంటా వస్తిమి. దించేముందు ప్రతి రాయికీ నంబరు. ఏ వరస, ఆ వరసలో ఎన్నో రాయి, ఏ దిక్కు మొగం... అంతా రంగుతో రాయి మీద రాసి, కాగితం మీద గీసుకుని, ఫొటో తీసుకుని, అప్పుడు తాడు కట్టేది. కింద గడ్డి పరిచి దానిమీదికి దించాల. మూల విరిగితే మేస్త్రీ ఊరుకునేవాడు కాదు. విరిగిన ముక్కకు కూడా ఒక నంబరు పడేది. ఆ మర్యాద చూసి నేను ముచ్చటపడినాను, అబద్ధం ఎందుకు? ఇంటికొచ్చి మా నాయనకు చెప్పినాను. రాతిని పసిబిడ్డ మాదిరి ఎత్తుకుంటాండారు నాయనా అని.

మేనకోడలు: అదే మరి మా పని.

మామ: ఆ కాలంలోనే, 1981 జూన్‌లో, మా ఊరి మీదికి మనుషులు వచ్చినారు. ఆపరేషన్ డిమాలిషన్ అని దానికి పేరు కూడా పెట్టుకున్నారు. మా నాయన మిద్దె ఎక్కి దూలాలు ఊడబీకుతాంటే పైమన్నంతా మామీద పడె. దూలాలు, వాసాలు, దర్వాజా, గొళ్లెంతో సహా రెండు తలుపులు బండికి ఎక్కించినాము. గోడలు వదిలేసినాము. ఏ దూలం యాడిదో నంబరు రాయలేదు. యాడికి తీసకపోయి యాడ కట్టుకోవాలనో తెలిస్తే కదా నంబరు రాసేది!

మేనకోడలు: మామా, నీ కోపం తప్పని నేను అనను. కానీ ఆ కోపాన్ని ఈ రాళ్ల మీద చూపిస్తే ఎట్లా? గుడిని వదిలేసి ఉంటే మీకు న్యాయం జరిగేదా? డ్యాం కట్టాలన్న నిర్ణయం వేరే చోట జరిగింది. నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963లో. నీళ్లు వస్తాయని తేలిపోయాక, పద్దెనిమిది ఇరవై ఏళ్ల తరవాత, పురావస్తు శాఖవాళ్లు చేతనైనంత బయటికి తెచ్చారు. అలంపురం దగ్గరి పాపనాశి గుళ్లు, ఈ కూడవెల్లి గుడి, అవతలి ఒడ్డున సోమశిల గుళ్లు, జటప్రోలు మదనగోపాలస్వామి గుడి, కర్నూలు జగన్నాథగట్టు మీదికెక్కిన రూపాల సంగమేశ్వరం... ఇవన్నీ ఆ నీళ్లలో నానిపోయి ఉండేవి. చాళుక్యులు ఏడో శతాబ్దంలో ఈ ప్రాంతంలో రాతిని ఎట్లా చెక్కారో, ఎట్లా పేర్చారో పుస్తకంలో చదవడం వేరు, ఈ గోడ మీద చెయ్యి పెట్టి చూడడం వేరు. 2022లో పార్లమెంటుకు చెప్పిన లెక్క ఒకటి ఉంది. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాల్లో యాభై కనిపించడం లేదట. అందులో పన్నెండు డ్యాముల కింద, రిజర్వాయర్ల కింద మునిగిపోయాయి. రక్షిత కట్టడమని బోర్డు పెట్టుకున్నవాటికే ఈ గతి పట్టింది. ఈ గుడికి ఆ గతి పట్టకుండా ఆపినవాళ్లలో నువ్వూ ఉన్నావు.

మామ: పన్నెండు కట్టడాల లెక్క పార్లమెంటులో చెప్పినారు. ఊర్ల లెక్కో? శ్రీశైలం కింద వందకు పైగా ఊర్లు పోయినాయి. లక్ష మంది దాకా లేచిపోయినారు. నువ్వు గుళ్ల పేర్లు గడగడా చదివినావు. ఆ ఊర్ల పేర్లు పది చెప్పు చూద్దాం.

మేనకోడలు: ... నాలుగు చెప్పగలను.

మామ: నీ తప్పు కాదులే. నీకు చదువు చెప్పినోళ్లకు కూడా రావు.

మేనకోడలు: ఏది కాపాడాలో తేల్చడానికి చట్టానికి ఒక కొలత ఉండాలి మామా. 1958 చట్టం ప్రకారం వందేళ్లు దాటి ఉండాలి, జాతీయ ప్రాముఖ్యం ఉండాలి. ఆ కొలత లేకపోతే ప్రతి గోడా కావాలంటారు, చివరికి ఏదీ మిగలదు.

మామ: మా ఊరి బొడ్రాయికి వందేండ్లు లేవా? మా తాతకు తాత నాటినాడని చెప్తారు. పీర్ల చావిడి ఉండె. మొహర్రం వస్తే ఊరు ఊరంతా ఆడనే, తురకలు ఎంతమందో మేమూ అంతమందిమే. దిగుడుబావి ఉండె, మాలోళ్లకు వేరే బావి ఉండె. అది కూడా చరిత్రే, సిగ్గుపడే చరిత్ర. మారెమ్మ రాయి ఉండె. సమాధులు ఉండె. మీ జాబితా రాసినాయన ఊర్లోకి వచ్చి శిల్పం యాడుందో అని వెతికినాడు. శిల్పం లేదు, పోయినాడు. మా కంటికి ఆ గుడి కన్నా బొడ్రాయి పెద్దది. గుడి యాత్రకు పోయేది. పెండ్లయినా చావైనా బొడ్రాయి ముందర నుంచి పోవాల.

మేనకోడలు: ఆ మాట ఒప్పుకుంటాను. అప్పటి జాబితాలు రాజుల కట్టడాలను చూసే కళ్లతోనే రాశారు. ఇప్పుడు మా చదువులో దిగుడుబావులు, ఊరి చావిళ్లు, బజార్లు కూడా ఉన్నాయి. హైదరాబాదులో బన్సీలాల్‌పేట బావి చెత్తతో పూడిపోయి ఉంటే తవ్వి తీసి 2022లో మళ్లీ జనానికి ఇచ్చారు. రాజుగారి సమాధి కాదు, వాడవాళ్లు నీళ్లు తోడుకున్న బావి.

మామ: పూడిపోయిన బావిని తవ్వొచ్చు. మునిగిన బావిని ఎట్ల తవ్వుతావు?

ఇక్కడ నేను కొంచెం అడ్డు వస్తాను. ఈ తగవుకు తెలుగునాట ఒక పూర్వకథ ఉంది. 1926లో నాగార్జునకొండ లోయలో ఒక పాత స్తంభాన్ని చూసి ప్రభుత్వానికి కబురు పెట్టినవాడు సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు. ఇరవై ఎనిమిదేళ్ల తరవాత, నాగార్జునసాగర్ ఖాయమయ్యాక, ఆ లోయలో 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల రాజధానిని, బౌద్ధ విహారాలను పలుగూ పారా ముందు పెట్టుకుని, వెనక నీళ్లు తరుముతుండగా తవ్వారు. దొరికినవాటిలో ముఖ్యమైనవి కొండ మీదికి, ఇటు ఒడ్డున అనుపుకూ చేరాయి. ఐగుప్తులో ఆస్వాన్ డ్యాం కోసం అబూ సింబెల్‌ను కోసి పైకెత్తే పని 1964లో గానీ మొదలు కాలేదు. మనవాళ్లు అంతకు పదేళ్ల ముందే ఆ బాధ పడ్డారు. ఇందులో గర్వపడవలసింది ఉంది, నేను గర్వపడతాను. కానీ ఆ లోయలో పుల్లారెడ్డిగూడెం అనే ఊరు కూడా ఉండేది. నాగార్జునకొండ లాంచీ ఎక్కి దిగినవాళ్లలో ఆ పేరు ఎందరు విన్నారు? వినకపోవడం యాత్రికుల తప్పు కాదు. వాళ్లకు చెప్పడం ఎవరి పనో ఎక్కడా రాసి లేదు.

మేనకోడలు: సరే మామా. గుడిని తేవడం తప్పా, ఊళ్లను మరవడం తప్పా? రెంటినీ కలిపేస్తున్నావు నువ్వు.

మామ: గుడిని తెచ్చినందుకు కూడా నాకు కడుపు నిండలేదు. దీని పేరేంది? సంగమేశ్వరం. సంగమం యాడుంది? రెండు ఏర్లు కలిసేకాడ మునిగి, తడిబట్టలతో గుడిలోకి పోతాంటిమి. ఇప్పుడు బస్సు దిగి, చెప్పులు విడిచి, గడ్డి మీద నడిచి పోవాల. దేవుడు అదే దేవుడు, రాయి అదే రాయి. నీళ్లు యాడ?

మేనకోడలు: నీ మాటే 1964లో వెనిస్‌లో కూర్చుని మా వృత్తివాళ్లు ఒక ఒడంబడికగా రాసుకున్నారు. కట్టడాన్ని అది పుట్టిన చోటు నుంచి, అది చూసిన చరిత్ర నుంచి విడదీయకూడదు, కాపాడుకోవడానికి వేరే దారి లేనప్పుడే కదిలించాలి అని. ఇది వేరే దారి లేని సందర్భం.

మామ: దారి లేకుండా చేసిందీ వాళ్లే, దారి లేదని రాసిందీ వాళ్లే.

మేనకోడలు: రాసినవాళ్లు వేరు మామా...

మామ: నాకు అందరూ జీపులో వచ్చినోళ్లే. సరే, ఇంకోటి చెప్తా విను. కదిలించని సంగమేశ్వరం ఒకటి ఉంది కదా, సప్తనది సంగమేశ్వరం, కొత్తపల్లి మండలంలో. ఏటా నీళ్లకిందికి పోతుంది. డ్యాం నిండితే 885 అడుగులు. నీళ్లు దిగి దిగి, ఎండాకాలం వచ్చేసరికి గుడి కొన అగుపిస్తుంది, తరవాత గోడలు, తరవాత వేపమాను లింగం. బురద కడిగి పూజ మొదలుపెడతారు. మళ్లీ పైనుంచి వరద వచ్చేదాకా కొన్ని నెలలే. నీళ్లు గర్భగుడి దాకా వచ్చినాక ఆఖరి పూజ చేసి అయ్యవారు పుట్టి ఎక్కుతాడు. నేను ఏటా పోతాను. మా ఊరోళ్లు యాడున్నా ఆడికొస్తారు. ఆత్మకూరు నుంచి, నందికొట్కూరు నుంచి, హైదరాబాదులో వాచ్‌మన్ పని చేసేటోళ్లు కూడా. దానికి పథకం లేదు, లైట్లు లేవు. మీరు కాపాడిన గుడి కాడ మా వాళ్లు ఒక్కరు కూడా కలవరు, మీరు వదిలేసిన గుడి కాడ అందరూ కలుస్తారు. దీనికేమంటావు?

మేనకోడలు: నేను కూడా పోయి చూశాను. చూస్తే నాకు భయమేసింది. ఏడాదిలో సగానికి పైగా తడిసి, మిగిలిన నెలలు ఎండి, మళ్లీ తడిసే గోడ ఎన్నాళ్లు నిలుస్తుంది? గుడి చుట్టూ ఉండినవి చాలావరకు ఇప్పటికే కూలాయి. నీకు అరవై అయిదు. నీ మనవడికి ఆ గోడ ఉంటుందా? నువ్వు పుట్టి ఎక్కి పోతావు, వాడు పోతాడా?

మామ: ...

మేనకోడలు: నిన్ను నొప్పించాలని కాదు మామా.

మామ: వాడు ఒకసారి వచ్చినాడు. తొమ్మిదేండ్లు. బురదలో నిలబడి తాతా మన ఇల్లు యాడ అన్నాడు. అటు చెయ్యి చూపిచ్చినాను. అటంతా నీళ్లే. నీళ్లలో ఇల్లెట్ల కట్టినారు తాతా అన్నాడు.

మేనకోడలు: అందుకే రాయి కావాలి. చూపించడానికి గట్టినేల మీద ఏదో ఒకటి కావాలి. మొన్న ప్రసాద్ పథకం కింద ఇక్కడికి ముప్పయ్యారు కోట్లకు పైగా వచ్చాయి. నేను...

మామ: ముప్పయ్యారు కోట్లు! అందులో మా ఊర్ల పేర్లు రాయడానికి ఎంత పట్టింది?

మేనకోడలు: అది యాత్రికుల వసతులకు ఇచ్చిన డబ్బు. మరుగుదొడ్లు, పార్కింగ్, నిలబడే చోటు. నువ్వు వెక్కిరించొద్దు. ఇక్కడి జోగులాంబ గుడికి వచ్చే ముసలమ్మలకు మరుగుదొడ్డి లేకపోతే ఎంత కష్టమో నీకు తెలుసు. ఊళ్ల పేర్లకు అందులో పద్దు లేదు. పద్దు లేనిది అంచనాలోకి ఎక్కదు. అందుకే ఒక కొత్త పద్దు కోసం నేను కాగితం పెట్టాలనుకుంటున్నాను. ఈ గుడి ముందు ఒక రాతి పలక. ఈ గుడి ఎక్కడిది, ఎందుకు వచ్చింది, దీనితో పాటు ఏ ఏ ఊళ్లు మునిగాయి. అన్ని పేర్లూ. ఏ ఊరికి ఎన్ని ఇళ్లు. గుళ్లు తెచ్చి కట్టిన ప్రతి చోటా అట్లాంటి పలక. సోమశిలలో, జటప్రోలులో, జగన్నాథగట్టు మీద. గుడిని చూడడానికి వచ్చినవాడు ఆ పేర్లు చదవకుండా లోపలికి పోలేని చోట. దాన్ని రాయడానికి నీ సాయం కావాలి. ఇంత దూరం నిన్ను తీసుకొచ్చింది అందుకే.

మామ: అదా సంగతి!

మేనకోడలు: అదే.

మామ: పలక మీద జీవో 98 గురించి కూడా రాస్తావా?

మేనకోడలు: ...

మామ: నీకు తెలుసు కదా. 1986లో ఇచ్చినారు. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అని. మా అన్నకు లష్కర్ పని వచ్చింది, కాలువ తలుపులు తిప్పేది. మా చిన్నాయన కొడుకు ఆ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, వయసు దాటిపోయి, సచ్చిపోయినాడు. ఆ కాగితం ఇప్పుడు వాని కొడుకు కాడ ఉంది. నువ్వు పలక రాసి, మినిస్టర్‌ను పిలిచి, రిబ్బన్ కత్తిరిస్తే ఏమైతుందో చెప్పనా? ఆ పిల్లోడు రేపు ఆఫీసుకు పోయి అడిగితే, మీ ఊరి పేరు రాతి మీద చెక్కిచ్చినాము గదప్పా అంటారు. బాకీ తీర్చకుండా బాకీ రావాల్సినోని పేరు గోడమీద అందంగా రాసినట్లుంటుంది.

మేనకోడలు: అట్లా వాడుకుంటారని రాయకుండా ఉంటే, ఉద్యోగం వస్తుందా? నలభై ఏళ్లు రాయలేదు కదా, ఎందరికి వచ్చింది? రాయకపోవడం వల్ల వాళ్లకే సుఖం మామా. ఎవరు మునిగారో ఎక్కడా లేకపోతే, ఎవరికి బాకీ అన్న ప్రశ్నే ఉండదు. పేరుంటే కనీసం అడగడానికి ఒక చోటుంటుంది.

మామ: ముందర బాకీ, తరవాత పలక.

మేనకోడలు: ముందర బాకీ అని కూర్చుంటే, బాకీ వచ్చేసరికి ఊరి పేర్లు చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ ఉండరు. నీ ఈడువాళ్లు ఎంతమంది మిగిలారు? ఏ వీధి ఎటుందో, చావిడి ఏ మూలనో, ఏ బావి ఎవరిదో మీతోనే పోతుంది. గోదావరి మీద చూడు. పోలవరం నీళ్ల కోసం దేవీపట్నం చుట్టుపక్కల ఊళ్లు మొన్న మొన్ననే ఖాళీ అయ్యాయి. అక్కడ ఇప్పుడు ఎవరైనా పటం గీస్తే గీసినట్టు. పదేళ్ల తరవాత ఇంకో మామ, ఇంకో చెట్టు కింద కూర్చుని, నువ్వు నన్నడిగిందే ఇంకో పిల్లను అడుగుతాడు.

అది నిజం. ఈ ఒక్క చోట నేను పూర్తిగా మేనకోడలి పక్షం. పునరావాసం జాబితాల్లో ఇంటి యజమాని పేరు, గోడల కొలత, కప్పు రకం, చెట్ల లెక్క ఉంటాయి, ఎందుకంటే వాటికి పరిహారం కట్టాలి. ఊరు ఊరుగా ఎట్లా ఉండేదో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. గుళ్లను తరలించినవాళ్లు రాయికి నంబరు వేసే ముందు గోడ మొత్తాన్ని గీసుకున్నారు, ఎందుకంటే విడి రాళ్ల పట్టిక చూసి ఎవరూ గోడ కట్టలేరు. ఊరికీ అంతే. ముంపు ఊళ్లలో ఇళ్లు కూల్చే ముందు ఒక్క నెల, ఊరి పెద్దలతో, ఆడవాళ్లతో, వేరే బావికి పోవలసి వచ్చినవాళ్లతో కూర్చుని పటం గీయించడం ఏ ప్రాజెక్టు ఖర్చులోనూ లెక్కలోకి రానంత చిన్న పని. అయినా మామ అడిగినదానికి ఆ పటం జవాబు కాదు. జీవో 98 కాగితం ఆ పిల్లవాడి చేతిలో అట్లాగే ఉంది.

మామ: 2009లో కర్నూలు మునిగినప్పుడు అలంపురంలోకి కూడా నీళ్లొచ్చినాయి. ఆపొద్దు టీవీలో చూసినాను. మా ఇండ్లు ముంచిన నీళ్లు, కాపాడి దాచిన గుళ్ల కాడికి కూడా నడిచొచ్చినాయి అనుకున్నాను. సంతోషపడినానేమో అని నాకే భయమేసింది. పడలేదు. ఆ రాయి దించేటప్పుడు నా చేతి వేలు నలిగింది, ఇదిగో, ఇప్పుడు కూడా వంకరే. దాని మీద నాకు పగ లేదు.

మేనకోడలు: మరి సాయం చెయ్యి.

మామ: పలకకు చెయ్యను. బాకీ తీరేదాకా మా ఊరి పేరు ఏ రాతి మీదా చెక్కనియ్యను. నా మాట అదే, మారదు.

మేనకోడలు: నేనూ కాగితం పెట్టడం మానను.

మామ: పెట్టుకో. నీ పని నువ్వు చెయ్యి. కానీ... నీ పుస్తకంలో తెల్ల కాగితాలు ఉన్నాయా?

మేనకోడలు: ఉన్నాయి.

మామ: పలకకు కాదు, ఆఫీసుకు కాదు. నీకు చెప్తాను, నీకాడ ఉంచుకో. మనవడు పెద్దయినాక ఇల్లు యాడ అని మళ్లీ అడిగితే చూపిచ్చు. పెద్దగా గియ్యి, చిన్నగా గీస్తే పట్టదు. పైన ఏరు. ఏటి గట్టు మీద నుంచి బండ్లబాట. బాట దిగంగానే ఎడమచేతి పక్క చాకలోళ్లవి మూడు ఇండ్లు, వాటి వెనక వేపచెట్టు. కాదు, రెండు వేపచెట్లు. కుడిపక్క పీర్ల చావిడి. దాని ముందర గుండం, అగ్గి గుండం. అది గుండ్రంగా గియ్యి. ఆడ నుంచి ఇరవై అడుగులు నడిస్తే బొడ్రాయి. దానికి ఒక నంబరు ఎయ్యి.

మేనకోడలు: ఒకటి?

మామ: ఒకటి. తరవాత మా ఇల్లు కాదు, తొందరపడొద్దు. వరసలో రాని.